క్షీణించు

నాన్న నిఘంటువు తయారుచేస్తున్నాడు. ఆయనకి చెయ్యి వణుకుతుంది కాబట్టి, ఆయన మాటలు చెబుతుంటే నేను రాస్తున్నాను. ఒక్కో మాటకి ఒక్కో కార్డు: పైన అర్థం, కింద మా ఇంటి సంగతులతోనే ఒక ఉదాహరణ. ఊరివాళ్ళ ఉదాహరణలు ఆయనకి గిట్టవు. "అమ్మాయి వంట మెరుగవుతోంది" అని నా గురించి పచ్చి అబద్ధం కూడా రాయించాడు.

ఈ ఉదయం 'క్షీణించు' చెప్పాడు. "కొద్దికొద్దిగా తగ్గిపోవడం. ఒక్కసారిగా కూలిపోయినదానికి ఈ మాట వాడరు." రాశాను. టీ తాగి మళ్ళీ అదే చెప్పాడు. మూడోసారి కూడా అదే మొదలుపెట్టేసరికి నాకు ఒళ్ళు మండింది.

"ఎన్నిసార్లు నాన్నా?"

"ఇప్పుడేగా తల్లీ మొదలుపెట్టాం."

ఎప్పుడో అయిపోయిన మాటేమో, చూపించి నోరు మూయిద్దామని పాత కార్డుల పెట్టె తెరిచాను. దొరికింది. నాన్న చేతిరాతే, రెండేళ్ళ కిందటి తేదీ. అర్థం కింద ఉదాహరణ:

"నా జ్ఞాపకశక్తి క్షీణిస్తోంది. అమ్మాయికి ఇంకా తెలియదు. విసుక్కుంటే విసుక్కోనీ, భయపడకుండా ఉంటే చాలు."

దాన్ని ఉన్నచోటే పెట్టేసి, ఖాళీ కార్డు తీసుకుని ఆయన పక్కన కూర్చున్నాను.

"చెప్పు నాన్నా. ఏం మాట?"