బాలింత పంటికి మందు

మా అఖిల బుగ్గ వాచిన సంగతి మూడు రోజుల దాకా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. తప్పు నాదే. పందొమ్మిది రోజుల బాలింత చెవుల్లోకి గాలి పోకూడదని దూది పెట్టి, గడ్డం కింది నుంచి నడినెత్తి దాకా పాత చీర పేలికతో కట్టు కట్టింది నేను. ఆ కట్టు కింద బుగ్గ బూరెలా పొంగినా, కట్టే కొంచెం లావుగా కట్టాననుకున్నాను. నాలుగో రోజు పొద్దున సాంబ్రాణి పొగ వేద్దామని విప్పి చూస్తే, ముఖం ఒక పక్క అఖిలది, ఇంకో పక్క వేరే ఎవరిదో.

"ఎన్నొద్దుల సంది బిడ్డా?"

"మూడొద్దులైంది అవ్వా. దవుడపన్ను."

"చెప్పెతందుకు నోరు లేదా?"

"చెప్తే మందులేస్తరు. మందులేస్తే పిల్లకు పాలు మాన్పిస్తరు. గందుకే చెప్పలే."

అఖిల నా కొడుకు లక్ష్మీనర్సయ్య కూతురు. కాన్పుకు మా ఇంటికి వచ్చింది. ఆమెకు ఆ భయం పెట్టింది కూడా నేనే. ఏడో నెలలో ఉన్నప్పుడు ఒక కాగితం ముక్క చదివి వినిపించాను. తల్లి ఏ మందు మింగినా పాలలోకి దిగుతుందని అందులో ఉంది. దాని కింద ఇంకో నాలుగు వరుసలు కూడా ఉన్నాయి గానీ, అది మిర్చి బజ్జీలు కట్టి ఇచ్చిన కాగితం. అక్కడి నుంచి అంతా నూనె మరకే. ఉన్నంత వరకు చదివాను. మిగతాది నేనే ఊహించి చెప్పాను.

మా కోడలు కౌసల్య వంటింట్లోంచి వచ్చి కూతురి ముఖం చూసింది. ఏడవలేదు. తిన్నగా బియ్యం డబ్బా దగ్గరికి వెళ్లి, లోపలికి చెయ్యి పెట్టి, పాలపొడి డబ్బా ఒకటి, పాలసీసా ఒకటి పైకి తీసింది.

"ఇవెప్పుడు తెచ్చినవే?" అన్నాను.

"పిల్ల పుట్టిన్నాడే. ఎందుకన్నా పనికొస్తయని. ఐదొద్దులు నొప్పి గోలీలు ఏస్కుంటది, ఐదొద్దులు పిల్ల డబ్బ పాలు తాగుతది. ఏమైతది అత్తా? దునియాల ఎవ్వలు తాగుత లేరా?"

ఐదు రోజులే అన్న మాట నేను ఇదివరకు ఒకసారి విన్నాను. నర్సయ్య ఇరవై రోజుల పిల్లవాడప్పుడు నాకు జ్వరం వచ్చింది. జ్వరం పాలు పిల్లవాడికి పడవని, ఐదు రోజులే కదా అని, మా అత్త వాణ్ణి నా ఒళ్లోంచి తీసి మా ఆడబిడ్డ ఉప్పలమ్మ ఒళ్లో వేసింది. ఆమెకు అప్పుడు చంటిపిల్ల ఉంది. ఐదు రోజులు ఐదు నెలలైంది. నా పాలు ఇంకిపోయాయి. తిరిగి తెచ్చినప్పుడు వాడు నన్ను చూసి కెవ్వున ఏడ్చాడు. ఇప్పుడు వాడికి యాభై రెండేళ్లు. మగ్గం మీంచి కొత్త చీర దిగితే ముందు ఉప్పలమ్మకు చూపించి, తర్వాతే నా దగ్గరికి తెస్తాడు. ఉప్పలమ్మ మంచిది. అందుకే పైకి ఏమీ అనడానికి వీలు లేకుండా పోయింది.

నర్సయ్యను పిలిచి, చిట్యాలకు పోయి, పాలిచ్చే తల్లికి సరిపడే నొప్పి గోలీలు తెమ్మన్నాను. "బాలింతకని చెప్పి అడుగు" అని రెండుసార్లు చెప్పాను. బండి మీద వెళ్లి గంటలో వచ్చాడు. పొట్లంలో రెండు రకాల గోలీలు.

"బాలింతకని చెప్పినవా?"

వాడు చెప్పులు సర్దుకున్నాడు. "షాపు నిండ మంది ఉన్నరమ్మా. మనోల్లే నలుగురున్నరు. పాలిచ్చే ముచ్చట అందరి ముంగట ఎట్ల చెప్పాలె?"

"మరి ఎవలికన్నవ్?"

"నాకే అన్న."

"నీకు పన్ను నొస్తాందన్నవా?"

"అన్న. నోరు తెరువుమన్నడు, తెరిసిన. లైటు ఏసి చూసి, అవునే, ఇది మస్తు పుచ్చింది, ఇన్నొద్దులు ఎట్లోర్సుకున్నవన్నడు. మందు తాగుతవా అంటే పండుగలకే అన్న."

అంటే ఆ గోలీలు యాభై రెండేళ్ల మనిషికి, అదీ పండుగలకు తాగే మనిషికి. కౌసల్య వాటిని నా చేతిలో పడేసి, "మల్ల పో. నోరు తెరిసి మంచిగ చెప్పు" అని మొగుణ్ణి తరిమింది. ఈసారి ఇంకో షాపుకు వెళ్లాడు. ఇంకో రెండు రకాలు తెచ్చాడు.

"ఇప్పుడన్నా చెప్పినవా?"

"మా అమ్మకని చెప్పిన."

నేను వాడి చేతిలోంచి పొట్లం లాక్కున్నాను.

"పండ్లెన్ని ఉన్నయని అడిగిండు. పదకొండన్న" అన్నాడు.

"తొమ్మిదిరా."

"రెండు ఎప్పుడూడినయ్?"

"ఉప్పలమ్మను అడుగు" అన్నాను. అనకూడదు గానీ అనేశాను.

మా ఇంట్లో ఇప్పుడు నొప్పి లేనివాళ్లందరికీ మందులున్నాయి. నొప్పి ఉన్న పిల్ల మాత్రం గోడకు ఆనుకొని కూర్చుంది. కౌసల్య అల్లుడికి ఫోన్ కలిపింది. శ్రవణ్ జడ్చర్లలో మందుల కంపెనీలో పని చేస్తాడు. పెళ్లి సంబంధం వచ్చినప్పటి నుంచి మా వాడకట్టులో వాడికి డాక్టరల్లుడని పేరు.

"మూడు తెల్లగ ఉన్నయి బిడ్డా, ఒకటి పసుపుపచ్చ. ఏది మంచిది?" అంది కౌసల్య.

"అత్తమ్మా, నేను ప్యాకింగుల ఉంట. అట్టపెట్టెలకు టేపు ఏస్త. లోపల ఏముంటదో నాకు తెల్వది. జల్ది దవాఖానకు పోండ్రి" అన్నాడు శ్రవణ్.

అంతలో పిల్ల ఏడ్చింది. అఖిల ఎత్తుకొని పాలు పట్టింది. పిల్ల గుటక వేసినప్పుడల్లా తల్లి పళ్లు బిగబట్టింది, పళ్లు బిగబట్టినప్పుడల్లా నొప్పి పెరిగింది. కన్నీళ్లు పిల్ల నుదుటి మీద పడుతుంటే కొంగుతో తుడిచింది.

"మీరు తేల్చే వరకు నా బిడ్డ పానం పోయేటట్టున్నది. నీళ్లు మరగపెడుతున్న. మల్ల పాల యాళ్లకు డబ్బ పాలే" అంది కౌసల్య.

నేను అఖిల వైపు చూశాను. మూడు రోజులు కట్టు కింద బుగ్గ దాచిన పిల్ల, ఇప్పుడు డబ్బా పాలకు సరేనని తల ఊపింది.

"నేనొచ్చేదాంక కలపకు" అని చెప్పి, ఆ గోలీలన్నీ కొంగున ముడి వేసుకొని, నర్సయ్య బండి వెనక కూర్చున్నాను. దారి పొడుగునా వాడి చొక్కా పట్టుకొనే ఉన్నాను.

చిట్యాల సర్కారు దవాఖానలో పూజ అనే డాక్టరమ్మ ఉంది. మా అఖిల కంటే నాలుగేళ్లు పెద్దదేమో. "ఎవరికి?" అని అడిగింది. నర్సయ్య గోడ మీది పటం చదవడం మొదలుపెట్టాడు.

నేనే చెప్పాను. "మా మనుమరాలికి బిడ్డా. పందొమ్మిదొద్దుల బాలింత. పాలిస్తాంది. దవుడపన్ను వాచింది. పాలు మాన్పియ్యకుండ నొప్పి తగ్గాలె."

వరుసలో వెనక నిలబడ్డామె, "మా కోడలిది గూడ గదే ముచ్చట. గట్టిగ చెప్పుమను, నేను గూడ ఇంట" అంది.

డాక్టరమ్మ నా కొంగు ముడి విప్పించి, గోలీలను బల్ల మీద వరుసగా పెట్టింది. "ఇది ఆస్పిరిన్. పాలిచ్చే తల్లికి నొప్పి కోసం ఇది వద్దు. ఈ పసుపుపచ్చది మత్తు ఉండే రకం. పాలలోంచి పసిపిల్లకు పోతే మత్తుగా పడుంటుంది, ఊపిరి కూడా మందగించవచ్చు. అసలు ముట్టొద్దు. ఈ మూడోదాంట్లో, నాలుగోదాంట్లో ఉన్నది ఒకటే పారాసిటమాల్, పేర్లే వేరు. రెండూ కలిపి వేస్తే మోతాదు రెండింతలవుతుంది."

"మరి ఏదెయ్యాలె?"

"నేను పారాసిటమాలే ఇస్తాను. పాలలోకి చాలా కొంచెమే పోతుంది. ఆరు గంటలకొకటి, రోజుకు నాలుగు దాటొద్దు. దాంతో తగ్గకపోతే ఐబుప్రొఫెన్ రాస్తున్నాను, అన్నం తిన్నాకే. ఆమెకు కడుపులో పుండు, ఆయాసం లాంటివి ఉన్నాయా?"

"లేవు బిడ్డా. కోపమొక్కటే."

"కోపానికేం కాదు. పాలు ఆపొద్దు. ఆపితే రొమ్ములు గడ్డకట్టి, అదొక నొప్పి. కానీ గోలీలతో పన్ను బాగుపడదు. రేపు నార్కట్‌పల్లిలో పండ్ల డాక్టరుకు చూపించండి, పాలిస్తున్నానని చెప్పమనండి. చిగురుకు మొద్దుబారే సూది వేసినా పాలు మానక్కర్లేదు. జ్వరం వచ్చినా, వాపు మెడకు దిగినా, నోరు తెరవలేకపోయినా రేపటిదాకా ఆగొద్దు." తర్వాత నా ముఖం చూసి నెమ్మదిగా అంది. "పిల్ల ఎప్పటికంటే ఎక్కువ మత్తుగా నిద్రపోయినా, పాలు తాగకపోయినా వెంటనే తీసుకురండి."

ఆమె చెప్పినవన్నీ విన్నాను. నా మనసు మాత్రం ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయింది.

ఇంటికి వచ్చేసరికి కౌసల్య డబ్బా మూత తీసి, చెంచా పట్టుకొని కూర్చుంది. నీళ్లు గిన్నెలో చల్లారుతున్నాయి. నా కోసం ఆగిందో, డబ్బా మీది చిన్న అక్షరాలు కనబడక ఆగిందో నేను అడగలేదు. రేపటి ప్రయాణం సంగతి చెప్తే, "ఇరవై ఒకటి నిండకుండ గడప దాటిస్తవా అత్తా?" అంది. దాటిస్తానన్నాను. బాలింత కట్టుబాట్లన్నీ పెట్టినదాన్ని నేనే కాబట్టి, ఆమె డబ్బాకు మూత పెట్టేసింది.

అఖిల పిల్లకు పాలిచ్చి, పిల్ల రొమ్ము వదలగానే గోలీ వేసుకుంది. గంటకు నోరు కొంచెం తెరుచుకుంది. మెత్తటి అన్నం నాలుగు ముద్దలు తిని, పిల్లను పక్కన వేసుకొని నిద్రపోయింది. నాలుగు రోజుల నిద్ర.

నేను పిల్ల దగ్గర కూర్చున్నాను. పిల్ల నిద్రపోతోంది. ఎప్పటికంటే ఎక్కువగానా? పందొమ్మిది రోజుల పిల్ల ఎప్పుడూ నిద్రపోతూనే ఉంటుంది కదా, ఎక్కువ తక్కువ ఎట్లా తెలిసేది? అరికాలు గోకాను. ముఖం ముడిచి కీచుమంది. బాగానే ఉంది. పది నిమిషాలకు మళ్లీ అనుమానం వచ్చింది. మళ్లీ గోకాను. ముక్కు దగ్గర వేలు పెట్టాను. చెవిలో పేరు పెట్టి పిలుద్దామంటే ఇంకా పేరు పెట్టలేదు. ఐదోసారికి పిల్ల గుక్కపట్టి ఏడ్చింది.

అఖిల కళ్లు తెరిచింది. "అవ్వా, గోలీతోని పిల్లకేం కాలే. నీతోనే నిద్ర లేదు."

"డాక్టరమ్మ చూడుమన్నది బిడ్డా."

"చూడుమన్నది. గిచ్చుమనలే. అమ్మా, అవ్వను జర బయటికి తోల్కపో. రెండు గంటలు గిటు రానియ్యకు."

కౌసల్య నన్ను భుజం పట్టి లేపింది. ఎంత సంతోషంగా లేపిందో నాకు తెలుసు. తలుపు దగ్గరకు వేసి, ఆ రోజు మొదటిసారి నవ్వింది.

నేను తలుపు పక్కనే పీట వేసుకొని, ఎదుటి గోడ మీది గడియారం చూస్తూ కూర్చున్నాను. గంటా ఇరవై నిమిషాలకు లోపల పిల్ల ఏడ్చింది. ఎవరూ గోకకుండా, తనంతట తానే, ఆకలికి. లేవబోయాను. అంతలో ఏడుపు ఆగింది. చెవి తలుపుకు ఆనిస్తే చప్పరించే చప్పుడు వినబడింది, మధ్యమధ్యలో గుటక.

మళ్లీ పీట మీద కూర్చున్నాను. ఇంకా నలభై నిమిషాలుంది.