గుంజ పాతిన చోటు

మా చెరువుకట్టకు ఇద్దరు యజమానులు. అందుకే దానికి దిక్కులేదు.

తూర్పు సగం కామారెడ్డి నుంచి వచ్చే ఓవర్సీరు యాకూబు సాబు కింద ఉంటుంది. ఆయన కూలి ఇచ్చి మట్టి పోయిస్తాడు. ఆ కూలివాళ్ళకు మేస్త్రీ స్వామిదాసు. పడమటి సగం ఎల్లారెడ్డి నుంచి వచ్చే, శిస్తు లెక్కలు చూసే గిర్దావరు కింద ఉంటుంది. అక్కడ కూలీ లేదు నాలీ లేదు, ఇంటికొకరు చొప్పున ఊరివాళ్ళు వంతుకు రావాల్సిందే. వాళ్ళకు పెద్ద నా మరిది ఎంకయ్య. ఓవర్సీరు మాట ఎంకయ్య వినడు. గిర్దావరు మాట స్వామిదాసు వినడు. రెండు సగాలు కలిసే చోట హద్దుగా ఒక తుమ్మ గుంజ పాతుతారు. ఆ గుంజకు సరిగ్గా కింద నా మడి ఉంది. అదీ నా ఖర్మ.

ఒకవైపు వాళ్ళ తట్ట మట్టి గుంజ దాటి పడిందా, ఆ తట్ట అవతలివాళ్ళ లెక్కలోకి పోయినట్టే. అది మా దగ్గర పెద్ద నామర్దా. పగవాడికి చాకిరీ చేసినట్టు చూస్తారు. అందుకని ఇద్దరూ గుంజకు బారెడు ఇవతలే ఆగిపోతారు. చివరి రోజున ఆ సందులో ఇంత పొడిమట్టి దొర్లించి, పైన పారతో చదును చేసి పోతారు. చూడ్డానికి దువ్విన తలలాగే ఉంటుంది. లోపలంతా పేలే.

నిరుడు వానలకు కట్ట అక్కడే తెగింది. నా మడి నిండా ఇసుక మేట వేసింది. తెల్లారి ఇద్దరూ వచ్చారు. నన్ను ఓదార్చడానికి అనుకునేరు! గుంజ ఎక్కడుండేదో చూసుకోవడానికి.

"మా దిక్కు మట్టి పెల్ల కూడ ఊడలే, సూడు" అన్నాడు ఎంకయ్య.

"మాది మాత్రం ఊడిందా?" అన్నాడు స్వామిదాసు.

ఇద్దరూ చెప్పింది నిజమే. రెండు సగాలూ రాయిలా నిలబడ్డాయి. కొట్టుకుపోయింది ఎవరిదీ కాని నడిమి జాగా. దాంతోపాటు నా వరి.

నా పెనిమిటి పోయాక నాకు మిగిలింది ఆ మడి ఒక్కటే. ఎండాకాలమంతా గంపతో ఇసుక ఎత్తి పోసి, నడుము విరగ్గొట్టుకుని దాన్ని మళ్ళీ మడి చేశాను. ఇంకోసారి మేట పడితే ఎత్తే బలం నా ఒంట్లో లేదు. మడి పోతే ఎంకయ్య పెండ్లాం, నా తోడికోడలు అంజవ్వ వాకిలి ఊడ్చి, అది పోసిన జొన్న గట్క తాగి బతకాలి. అంతకన్నా చెరువులో దూకడం నయం.

ఈ ఏడు కట్ట పని మళ్ళీ మొదలైంది. మళ్ళీ అదే చోట గుంజ పాతారు. ఎంకయ్య దగ్గరికి పోయాను.

"నడుమ జాగ గూడ మన్ను పోసి దంచు మరిదీ, నీకు పుణ్యముంటది" అన్నాను.

"అది మా వంతు కాదు వదినా. స్వామిదాసునడుగు పో."

స్వామిదాసును అడిగాను. "గుంజ దాటితే ఓవర్సీరు కూలి కోస్తడు గౌరవ్వా. నాకేం పని?" అన్నాడు.

యాకూబు సాబును అడిగాను. "స్వామిదాసుకైతే చెప్త. ఎంకయ్యకు నేనెవర్ని చెప్పనీకి?" అన్నాడు.

గిర్దావరును అడిగాను. గుర్రం దిగకుండానే, "దరఖాస్తు పెట్టుకో" అన్నాడు. ఎవరికి పెట్టుకోవాలి అని అడిగేలోపు గుర్రం కదిలింది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని పెద్దలు ఊరికే అనలేదు. థూ!

మర్నాడు పొద్దున్నే కట్ట మీదికి పోయాను. రెండు వైపులా మట్టి నడుము ఎత్తు లేచింది. మధ్యలో కందకంలాంటి సందు, అందులో గుంజ. నేను సందులోకి దిగి, గుంజను పీకి కిందికి నా మడిలోకి విసిరేశాను. ఆ గుంతలోనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

ఎంకయ్య పరుగెత్తుకొచ్చాడు. "ఏంది వదినా గిదీ? లెవ్వు!"

"లేస్త. నేను ఎవని వంతుల కూసున్ననో చెప్పు. నీ వంతుల అయితే నువ్వే నన్ను లేపు, లేపినంక ఈ జాగ నువ్వే దంచు."

ఎంకయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. "ఆమె మీ దిక్కు కూసున్నది, మీరే లేపుకోండ్రి" అని స్వామిదాసు మీద అరిచాడు.

"నీ వదినెను నేనెట్ల ముడ్త? మీ దిక్కే ఉన్నది, సక్కగ సూడు!" అని స్వామిదాసు తిరిగి అరిచాడు.

యాకూబు సాబు వచ్చి చూశాడు, తల గోక్కున్నాడు, నీడకు పోయి కూర్చున్నాడు. ఎవరూ నన్ను ముట్టలేదు. ముట్టినవాడికి ఆ జాగా అంటుకుంటుంది మరి.

అప్పుడు నాకు ఒళ్ళు మండింది. మండితే నా నోరు ఆగదు, ఊరందరికీ తెలుసు. "ఓ అంజవ్వా! తట్టల పిడికెడు మన్నుకే గట్ల వంగుతున్నవు, తిన్నది బరువెక్కిందా?" అన్నాను.

అంజవ్వ ఊరుకుంటుందా? "నీ నోట్ల మన్ను వడ!" అని తట్టెడు మట్టి నా మీదే గుమ్మరించింది. మట్టి సందులో పడింది. నేను లేచి దులుపుకుని, దాన్నే కసిగా తొక్కాను.

రెండో వైపు తిరిగాను. స్వామిదాసు పెండ్లాం మరియ నవ్వుతోంది. "నువ్వేం నవ్వుతవే? మీ ముఠా మన్ను దంచితే దిమ్మిస దెబ్బకు చీమ గూడ సావది. పైసలు తీసుకొని పిసుకుతున్నరు!"

"మేం పిసుకుతున్నమా? నిన్ను ఈడనే పాతిపెడ్త!" అని మరియ కూడా గుమ్మరించింది. ఇక రెండు వైపుల ఆడవాళ్ళూ రేగారు. నేను తిట్టిన కొద్దీ పోశారు. పోసిన కొద్దీ తొక్కుతూ నేను పైకి లేచాను. కండ్లలో మన్ను, నోట్లో మన్ను. అయినా నోరు మాత్రం ఆపలేదు.

"మీ దెబ్బ కంటే మా ఊరోళ్ళ దెబ్బ నయం" అని స్వామిదాసుతో అన్నాను. వాడు దిమ్మిస తీసుకుని సందులోకి దూకాడు. "నీ కంటే స్వామిదాసే నయం మరిదీ" అని ఎంకయ్య వైపు తిరిగి అన్నాను. వాడూ దూకాడు. "ఇదీ దెబ్బంటే!" అని ఒకడు, "థూ, నీదొక దెబ్బనా?" అని ఇంకొకడు. పొద్దు వాలేదాకా ఒకరినొకరు తిట్టుకుంటూ, ఇద్దరూ కలిసి నన్ను తిట్టుకుంటూ దంచారు. ఆ కట్టలో అంత గట్టి జాగా ఇంకోటి లేదు.

తర్వాత ముసురు పట్టింది. చెరువు నిండి పొర్లి మత్తడి దూకింది. గుంజ పాతిన చోట చుక్క నీరు కారలేదు. నా మడిలో నాట్లు పచ్చగా నిలబడ్డాయి.

వాన తెరిపిచ్చాక కట్ట తనిఖీకి పట్నం నుంచి పెద్ద సాబు వచ్చాడు. కట్టంతా నడిచి, సరిగ్గా అక్కడ ఆగి కాలితో తన్ని చూశాడు. "శాబాష్! ఈ జాగ ఎవరు దంచిన్రు?"

"నేనే సర్కార్!" ఎంకయ్య, స్వామిదాసు ఒక్కసారే ముందుకొచ్చారు. వాళ్ళ వెనక యాకూబు సాబూ గిర్దావరూ మీసాలు సవరించుకున్నారు.

నేను కొంగు దోపుకున్నాను. "మంచిదే సర్కార్, ఇద్దరిదీ అనుకోండ్రి. రేపు ఈడ తెగితే గూడ ఇద్దరిదేనా అడుగుండ్రి" అన్నాను.

ఎంకయ్య మెల్లగా పడమటికి జరిగాడు. స్వామిదాసు తూర్పుకు జరిగాడు. మధ్యలో మళ్ళీ బారెడు సందు.

పెద్ద సాబు ఆ సందు వంక చూసి, "అవునూ, ఈడ హద్దు గుంజ ఉండాలె గదా, ఏది?" అని అడిగాడు.

"నా పొయ్యిల పెట్టుకున్న సర్కార్" అన్నాను. "ఇంకోటి పాతుండ్రి. వానకాలం, నాకు కట్టెలకు తిప్పలైతున్నది."