ఆరని ఉప్పు

మాలకొండమ్మ మూడో గట్టు మలుపు తిరిగేసరికి తలమీది గంపలోంచి ఉప్పునీళ్ళు చెవి వెనకగా కారి రవికెలోకి దిగుతున్నాయి. తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. కుడిచెయ్యి గంప అంచున ఉంది. ఎడమచేతి వేళ్ళు నెలరోజులుగా తిమ్మిరెక్కి దేన్నీ పట్టుకోవడం లేదు. మెడ కింద మేకు దిగ్గొట్టినట్టు నొప్పి.

విడవలూరుకు తూర్పున ఉన్న ఈ ఉప్పు మళ్ళలో, గీకిన ఉప్పును ఒక రాత్రి గట్టు మీదే వదిలేసేవాళ్ళు. నీరంతా ఓడి బరువు తగ్గేది. మేస్త్రీగా పెంచలయ్య వచ్చాక ఆ ఒక్క రాత్రీ అతని లెక్కలో దండగైపోయింది. తీసిన ఉప్పు తీసినట్టే రోడ్డు పక్క కుప్పకు చేరాలి. ఆ నీళ్ళు ఎలాగూ దారిలో కారిపోయేవే, ఎవరికీ చుక్క లాభం లేదు. అయినా వాటిని ఆడవాళ్ళ మెడలు మోయాలి. ఎత్తుకున్న గంపను నడిమధ్య దించకూడదు. దించితే మళ్ళీ ఎత్తడానికి ఇంకో మనిషి కావాలి, వెనక వరుసంతా ఆగిపోతుంది.

మొన్న సమితి ఆస్పత్రిలో నర్సు కరుణాకుమారి ఆమెను గోడకు ఆనించి నిలబెట్టింది. మడమలు, వీపు, తల గోడకు తగలాలంది. గడ్డం లోపలికి లాక్కోమంది. చెవిని భుజం వైపు మెల్లగా వంచి, ఊపిరి వదిలి, మళ్ళీ రెండో వైపు వంచమంది. భుజాలు వెనక్కి తిప్పించింది.

"పని మధ్యలో కూడా చెయ్యాలమ్మా. ఇట్నే వదిలేస్తే చెయ్యి పడిపోతుంది" అంది.

చెయ్యి పడిపోతే మాలకొండమ్మకు కలకాలం ముద్ద పెట్టేవాళ్ళు లేరు. మొగుడు పోయాక ఆ మెడే ఆమెకు పొలం.

ఉన్నట్టుండి నొప్పి నెత్తికెక్కింది. కళ్ళు బైర్లు కమ్మాయి.

"సామ్రాజ్యం, కాస్త దించవే" అంది ముందు నడుస్తున్న పిల్లతో.

సామ్రాజ్యం తన గంప పక్కన పడేసి, ఆమె గంప దించింది. మాలకొండమ్మ తలమీది గుడ్డ చుట్టకుదురు తీసి గంప మీద పెట్టి, కళ్ళు మూసుకొని, మెడను ఒక భుజానికీ మరో భుజానికీ వంచసాగింది. ముడి ఊడి జుట్టు భుజాల మీద పడింది.

"అమ్మవారు పూనింది" అన్నారు వెనకెవరో.

గంపలన్నీ దిగాయి. పెంచలయ్య పరుగున వచ్చాడు. చెప్పులు విడిచాడు, తలగుడ్డ తీశాడు, రెండు చేతులూ జోడించాడు.

"తల్లీ, ఏం తప్పు జరిగినాదో చెప్పు తల్లీ. పని ఆపించినా."

మాలకొండమ్మ కళ్ళు తెరిచింది. ఎదురుగా మేస్త్రీ వంగి ఉన్నాడు. వెనక ఆడవాళ్ళు ఎవరి మెడలు వాళ్ళు రుద్దుకుంటున్నారు. ఆమెకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది.

"అమ్మవారు కాదన్నా, నేనే. మెడనొప్పి. నర్సమ్మ చెప్పినట్టు చేస్తా ఉండా."

పెంచలయ్య చేతులు దిగిపోయాయి. కాళ్ళు చెప్పులు వెతుక్కున్నాయి.

"మెడ తిప్పుకునేదానికి పని ఆపినావా? ఎత్తు గంప."

"ఆపింది నువ్వు. అమ్మవారికైతే ఆపినావు, మనిషి మెడకైతే ఆపవా? ఒక్క రాత్రి ఉప్పు ఆరనియ్యి, ఇంతమందిమీ బతికిపోతాం."

"నాకు చెప్పేదానికి నువ్వెవురే? రేపట్నించి రాబాక."

"రేపటిదాకా ఎందుకు?"

ఆమె గట్టు దిగి విడవలూరు దారి పట్టింది. అక్కడ అక్క ఉంది, రెండు పూటలైనా తిండి పెడుతుంది. గడ్డం లోపలికి లాక్కొని, వీపు నిలబెట్టి, తలమీద ఏమీ లేకుండా నడిచింది.

"దాని గంప ఎవురూ తాకబాకండి. కాళ్ళు పట్టుకోని అదే వచ్చి ఎత్తుకోవాల" అన్నాడు పెంచలయ్య.

తెల్లారి అందరూ పనిలోకొచ్చేసరికి గంప అక్కడే ఉంది. రాత్రంతా ఓడిన నీటికి కింద గట్టు నల్లగా తడిసింది. సామ్రాజ్యం దాన్ని ఎవరి సాయమూ లేకుండా ఒక్కతే తలకెత్తుకుంది. నాలుగడుగులు నడిచి, పెంచలయ్య కాళ్ళ ముందు దించింది. దాని మీద మాలకొండమ్మ చుట్టకుదురును మళ్ళీ పెట్టింది. అది తెల్లగా ఎండి, ఆమె తల అచ్చు పడి, అలాగే గట్టిగా బిగుసుకుపోయి ఉంది.