పందిచెవికి అందిన మందు

చెవిని బల్లమీద పరిచి, వెంట్రుకలను మొదలంటా కత్తిరించి, ఫ్రేమా కత్తి మొనతో చర్మాన్ని కొవ్వునుండి వేరు చేస్తోంది. కుమాసీ నగరపు కసాయి బజారునుండి పొద్దున్నే వచ్చిన పందిచెవులు పళ్లెంలో ఇంకా మిగిలి ఉన్నాయి. గాజుపాత్ర మూతికి బిగించే ఆ చర్మానికి చిల్లు పడకూడదు. పడితే దానిగుండా మందు ఎంత దాటిందో కొలవడం వృథా. ఆమె వేళ్ల కణుపులు వాచి అల్లంకొమ్ముల్లా వంకర తిరిగాయి. మోకాళ్లు మొరాయిస్తే ఎత్తుస్టూలు అంచున సగం కూర్చొని, సగం నిలబడి పని చేస్తుంది. విశ్వవిద్యాలయపు ఔషధ ప్రయోగశాలలో ఆమె వయసంతా ఇలాగే కరిగింది.

పక్కగదిలో యంత్రం గుయ్‌మంటోంది. పరిశోధక విద్యార్థిని దెదె నూనెను, నీటిని, డైక్లోఫెనాక్ అనే నొప్పిమందును అందులో చిలుకుతోంది. పాలలా తెల్లగా ఉన్న ద్రవం, నూనెచుక్కలు కంటికందనంత సన్నబడేసరికి, తేటనీరులా మారుతుంది. చర్మంమీద రాస్తే మందు కడుపు జోలికి పోకుండా నేరుగా వాపును చేరాలన్నది వాళ్ల ఆశయం. ‘మాత్రగా మింగితే ఈ మందు కడుపును పుండు చేసి రక్తం కారుస్తుంది’ అన్నది దెదె సదస్సు కోసం వల్లిస్తున్న ప్రసంగంలో మొదటి వాక్యం. అది ఇంగ్లీషు వాక్యం. ఫ్రేమాకు వచ్చినది అక్కడి జనం మాట్లాడే ట్వీ భాష ఒక్కటే. గోడలకు సైతం కంఠతా వచ్చి ఉండవలసిన ఆ మాటను ఆమెకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం దెదె మిగిలిన ద్రవాన్ని తొట్టిలో పారబోయబోతుంటే ఫ్రేమా చేయి చాచింది.

“కాస్త నా మోకాలికి రాయరాదూ, పిల్లా.”

“అమ్మో, ఆంటీ. మనుషులమీద వాడటానికి ఇంకా అనుమతి రాలేదు. తెలిస్తే డాక్టర్ న్యార్కో పందిచెవికి బదులు నా చెవి బిగిస్తారు.”

“నీ చెవి పనికిరాదులే. ఎవరి మాటా దాంట్లోకి దిగదు. అయినా, చచ్చిన పందికి ఏం నొప్పని దానికి పూస్తారు?”

దెదె నవ్వి పాత్ర వంచేసింది.

నియమం సరైనదే. పరీక్షించని మందును మనిషికి రాయకూడదు. కాని ‘మరి ఇప్పుడేం వాడుతున్నావు?’ అని అడగడాన్ని ఏ నియమం నిషేధించింది?

ఆమె వాడేది ట్రోట్రోలో కొన్నది. కిక్కిరిసిన ఆ వ్యానులోకి బోధకుడొకడు ఎక్కుతాడు. అందరిచేతా తలలు వంచి ప్రార్థన చేయించి, ఆమెన్ అనిపించి, ఆపైన మాత్రల సంచి విప్పుతాడు.

“మింగి చూడమ్మా. రేపట్నుంచి నడవవు, గంతులేస్తావు.”

“గంతులు నువ్వే వెయ్యి నాయనా. నన్ను మెట్లెక్కనిస్తే చాలు.”

ప్రార్థనను ఆమె నమ్మలేదు. మాత్రల రేకుమీది పేరును, తాను రోజూ తుడిచే సీసామీది పేరుతో అక్షరం అక్షరం పోల్చి చూసుకుంది. రెండూ ఒకటే. ఇంతమంది డాక్టర్లు ప్రాణం పెడుతున్న మందు చెడ్డదెలా అవుతుంది? ఆ ధైర్యంతోనే మోతాదు పెంచింది. ఆధారం చూశాకే నమ్మిన మనిషి ఆమె. ఆ ఆధారంలో సగం ఆమెకు రాని భాషలో ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నమే, పులిసిన మొక్కజొన్న పిండితో వండిన కెంకే ముద్దను సగంలోనే వదిలేసిన ఫ్రేమాను చూసి ప్రయోగశాల అధిపతి డాక్టర్ న్యార్కో ఆగాడు.

“ఏం, పాలిపోయావు?”

“కడుపులో మంట, డాక్టర్‌గారూ. మిరపకారమే అయ్యుంటుంది.”

“కారం తగ్గించు” అని వెళ్లిపోయాడు.

చివరి చర్మాన్ని గాజుపాత్ర మూతికి బిగించాక ఆమె గోడకానుకొని నేలమీదికి జారింది. నల్లగా వాంతయింది. ఆస్పత్రిలో వైద్యురాలు వంగి, “ఏం మందులు వాడుతున్నావమ్మా?” అని ట్వీలో అడిగింది.

ఆ ప్రశ్న ఎవరైనా ఆమెను అడగడం అదే మొదలు. ఫ్రేమా మందు పేరు స్పష్టంగా, కాస్త గర్వంగానే చెప్పింది. “మా ల్యాబు మందే.”

చీకటి పడకముందే పోయింది.

“ఎవరు ఊహిస్తారు, పాపం” అన్నాడు న్యార్కో వరండాలో.

“ఊహించక్కర్లేదు డాక్టర్. మన మొదటి వాక్యమే అది” అంది దెదె.

మర్నాడు ఇంటికి పంపవలసిన బట్టల కోసం దెదె ఆమె అలమర తెరిచింది. గౌను వెనక ఒక ఖాళీ క్రీము డబ్బా ఉంది. పాత వాసన మిగలకుండా కడిగి, తుడిచి, మూత బిగించి ఉంది. పైన అంటించిన కాగితంమీద వంకర అక్షరాలతో ట్వీలో ‘మోకాలికి’ అని రాసి ఉంది.