పళ్ల డాక్టరు కట్టిన ప్రీయాంప్లిఫయరు

పళ్ల డాక్టరు చేతికి ఆ చుట్టుపక్కల పెద్ద పేరు. ఆయన సూది గుచ్చితే గుచ్చినట్టే తెలియదు. పన్ను పీకించుకుని ఇంటికి బయల్దేరబోతూ, "ఇంతకీ ఎప్పుడు పీకుతారండీ?" అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. ఈ పొగడ్తలు ముప్పై ఏళ్లుగా విని విని ఆయనకే తన చేతుల మీద మోజు పుట్టింది. ఇంట్లో గడియారం ఆగినా, కుట్టుమిషను మొరాయించినా, "ఏదీ, ఇలా పట్రా" అనేవాడు. అలా పట్టుకెళ్లిన వాటిలో సగం బాగుపడేవి. మిగతా సగం సంగతి ఆయన భార్య ఎవరి దగ్గరా ఎత్తేది కాదు, ఒక్క తమ్ముడి దగ్గర తప్ప.

ఆ తమ్ముడు రేడియో మెకానిక్కు. అక్క ఇంటికి వచ్చినప్పుడల్లా బావగారు బాగుచేసిన వస్తువుల్లో ఏదో ఒకటి చేతిలోకి తీసుకునేవాడు. అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా కింద పెట్టేవాడు. ఆ ఏమీ అనకపోవడమే డాక్టరుకు ఒళ్లు మండించేది. తిట్టినా బాగుండును, బదులు చెప్పేవాడు.

అయితే మెకానిక్కుకూ ఒక లోటు ఉంది. అతనికి బావగారి కుర్చీ అంటే హడల్. కుడివైపు దవడ పన్ను పుచ్చి మూడేళ్లయింది. ఎడమవైపే నములుతూ రోజులు నెట్టుకొస్తున్నాడు. డాక్టరు ఎప్పుడైనా ఆ ప్రస్తావన తెస్తే, "అది నన్నేమీ అనట్లేదు బావగారూ, దాని జోలికి మనమెందుకు వెళ్లడం" అని మాట మార్చేసేవాడు.

డాక్టరు భార్య సంగీతం టీచరు. ఆవిడ దగ్గర ఒక రికార్డు ప్లేయరు, అరలో నిలబెట్టిన డెబ్బై రికార్డులు ఉన్నాయి. పాత ఆంప్లిఫయరు చెడిపోతే కొత్తది తెచ్చారు. తీరా పెట్టి చూస్తే, పక్కింట్లో ఎవరో ముసుగుతన్ని పాడుతున్నట్టుగా వినపడింది పాట. ఆవిడ తమ్ముణ్ని పిలిపించింది. అతను చూసి, రికార్డు మీద సూది నుంచి వచ్చేది చీమ గుసగుసంత శబ్దమనీ, దాన్ని ముందు కాస్త పెంచి, సరిచేసి, అప్పుడు ఆంప్లిఫయరుకు అందించాలనీ చెప్పాడు. పాతదాంట్లో ఆ పని చేసే ప్రీయాంప్లిఫయరు లోపలే ఉండేదట, కొత్తదాంట్లో లేదట. రెండు రోజుల్లో తనే ఒకటి కట్టి తెస్తానన్నాడు.

పక్కనే కాఫీ తాగుతున్న డాక్టరు, "నువ్వెందుకు? నేను కడతాను" అన్నాడు.

మెకానిక్కు తన కప్పు కింద పెట్టాడు. "సోల్డరింగంటే పుచ్చుపన్ను పూడ్చడం కాదు బావగారూ."

"రెండూ ఒకటే. శుభ్రం చెయ్యాలి, తడి లేకుండా చూడాలి, నింపాలి."

"అయితే కట్టండి. మీరు పిలిచినా నేను రాను."

"పిలిస్తే కదా."

మధ్యలో కూర్చున్న ఆవిడ ఇద్దరి మొహాలూ చూసి, రికార్డును జాగ్రత్తగా కవరులో పెట్టేసుకుంది. ఇప్పట్లో దాంతో పని పడదని ఆవిడకు అర్థమైపోయింది.

డాక్టరు ఇల్లు మేడ మీద, ఆసుపత్రి కింద. మధ్యాహ్నం రోగులు లేని మూడు గంటలూ ఆయన ఈ పనికి కేటాయించాడు. పుస్తకంలోంచి ఒక పటం రాసుకున్నాడు, విడిభాగాలు తెప్పించాడు. ఆయన పనిచేసే తీరు చూస్తే ఏ రేడియో మెకానిక్కుకైనా కళ్లు తిరిగేవి. నుదుటికి భూతద్దం తగిలించుకుని, చేతికి తొడుగులు వేసుకుని, కుర్చీ మీది పెద్ద దీపం కిందికి లాగి, సర్క్యూట్ బోర్డును రోగిలా పడుకోబెట్టేవాడు. ప్రతి భాగం కాళ్లనూ పళ్ల గార తీసే పరికరంతో గీకేవాడు. గాలి గొట్టంతో ఉఫ్‌మని ఊదేవాడు. సోల్డరు కరిగించి అంటు పెట్టేముందు అలవాటుకొద్దీ, "కొంచెం వేడిగా ఉంటుంది, అంతే... ఆఁ, అయిపోయింది" అనేవాడు. అన్నీ అయ్యాక అంటుల వెనక భాగాన్ని చిన్న అద్దం పెట్టి చూసుకునేవాడు. పెట్టె కోసం, ఇదివరకు పరికరాలు మరిగించే పాత స్టీలు డబ్బాకు కన్నాలు పొడిచాడు.

పద్నాలుగేళ్లుగా ఆయన దగ్గర పనిచేస్తున్న నర్సు ఇలాంటివన్నీ చూసినా చూడనట్టుండేది. ఒక మధ్యాహ్నం, వేళ కాకముందే వచ్చి బెంచీ మీద కూర్చున్న ఒకాయన, తలుపు కిందనుంచి సన్నగా పొగ రావడం చూసి అదేమిటని అడిగాడు. ఆవిడ రిజిస్టరులోంచి తలెత్తకుండా, "ఏం లేదండీ, డాక్టరుగారు చిన్నదొకటి కాలుస్తున్నారు" అంది. ఆయన లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని మరీ వెళ్లిపోయాడు.

ఎనిమిదో రోజుకు పెట్టె తయారైంది. ప్లేయరునూ, ఆంప్లిఫయరునూ, స్పీకరునూ కిందికి దించి, భార్యను పిలిచి, రికార్డు పెట్టి, స్విచ్చి వేశాడు. గది నిండా "మ్‌మ్‌మ్‌మ్" అని ఒకటే హోరు. దాని వెనకెక్కడో పాట ఉంది, గాలివానలో ఎవరినో పిలుస్తున్నట్టు. మధ్య మధ్య పటపటమని చిటపటలు.

ఆవిడ తల వంచి శ్రద్ధగా వింది. "శ్రుతి బాగుందండీ. ఎక్కడా చెదరట్లేదు. పాడేవాళ్లు రావడమే ఆలస్యం" అని మేడ మీదికి వెళ్లిపోయింది.

డాక్టరుకు తల కొట్టేసినట్టయింది. మర్నాటి నుంచి వెతుకులాట మొదలుపెట్టాడు. బోర్డును విప్పాడు, బిగించాడు, చూసిన అంటునే మళ్లీ చూశాడు. ఏమీ తోచక చివరికి తనకు తెలిసిన దారే పట్టాడు. బోర్డుకు ఎక్స్‌రే తీశాడు. ఆ ఫిల్ము దీపం పలక మీద ఆరేసి ఉండగా ఒక పెద్దావిడ లోపలికి వచ్చింది. వరసలు వరసలుగా తెల్లటి మేకుల్లా కనిపిస్తున్న వాటిని చూసి ఆవిడ అవి తన పళ్లేనా అని అడిగింది. కావమ్మా, వేరేవాళ్లవని నర్సు చెప్పింది. "పాపం, ఎవరి కన్నబిడ్డో" అంది పెద్దావిడ.

ఎక్స్‌రేలోనూ ఏమీ దొరకలేదు. బావమరిదికి కబురు చెయ్యమని భార్య రెండుసార్లు అంది. ఆయన వినపడనట్టు ఊరుకున్నాడు. పట్టు పట్టాక ఆయన్ని కదల్చడం ఎవరి తరమూ కాదు.

కదిలింది బావమరిది పన్ను. నాలుగు రోజుల తర్వాత, పొద్దున్నే ఆసుపత్రి తలుపులు తీసే వేళకు, మెకానిక్కు బుగ్గకు తుండుగుడ్డ కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బుగ్గ పొంగి ఒక కన్ను సగం మూసుకుపోయింది. "పన్ను కోసమే వచ్చాను. ఇంకే పని మీదా రాలేదు" అన్నాడు మూలుగుతూ.

డాక్టరు అనాలని నాలుక చివరిదాకా వచ్చిన మాటలను మింగేశాడు. కుర్చీలో వెనక్కి వాల్చి, పన్ను చూసి, దీన్ని పీకక్కర్లేదు, నిలబెట్టొచ్చని చెప్పాడు. మత్తు సూది వేసి, నోటినిండా దూది కుక్కాడు. మత్తు పట్టడానికి పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ ఊరికే కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. కుర్చీ పక్క పళ్లెంలో, మూత తీసి ఉన్న స్టీలు డబ్బా వైపు తిరిగాడు. బావమరిది ఎలాగూ మాట్లాడలేడు కదా అనుకుని స్విచ్చి వేశాడు. "మ్‌మ్‌మ్‌మ్" అంది గది.

మెకానిక్కు కళ్లు పక్కకు తిరిగాయి. డబ్బా సరిగ్గా అతని కంటి ఎత్తున ఉంది. లోపలికి ఒక్కసారి చూశాడు. "ఆఁ! ఆఁ!" అన్నాడు.

"నొప్పా? ఇంకా తగ్గలేదూ?" డాక్టరు ఇంకో సూది వేశాడు.

మెకానిక్కు తల అడ్డంగా ఊపి, డబ్బా వైపు చెయ్యి చాచి, రెండు వేళ్లు చూపించాడు.

"రెండో పన్ను కూడానా?" డాక్టరు అద్దం పెట్టి పక్క పన్ను చూశాడు. "నిజమే, దీనికీ నల్లమచ్చ ఉంది. నువ్వు చెప్పకపోతే చూసేవాణ్ని కాదు."

మెకానిక్కు ఉలిక్కిపడి ఒక వేలు ముడిచేశాడు. తర్వాత రెండు వేళ్లతో కత్తెరలా కత్తిరిస్తున్నట్టు చూపించాడు. డాక్టరు మొహం గంభీరంగా మారింది. చిగుళ్లకు కత్తి పెట్టాల్సినంత అవసరం లేదనీ, భయపడొద్దనీ ధైర్యం చెప్పాడు. మెకానిక్కు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇదంతా చూస్తున్న నర్సు, "ఆయన చెప్పేది పంటి సంగతి కాదేమోనండీ" అని మందుల చీటీల పుస్తకం, పెన్నూ తెచ్చి మెకానిక్కు చేతికిచ్చింది. అతను పడుకునే, వంకరటింకర అక్షరాలతో రాశాడు.

డాక్టరు చీటీ చదివాడు. "ఎర్తు తీగ డబ్బాకి రెండు చోట్ల కట్టారు. హోరు అందుకే. ఒకటి కత్తిరించండి. పుచ్చిన పన్ను మాత్రం ఒకటే."

డాక్టరు చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, ఎవరినీ అడుగుతున్నట్టు కాకుండా, "ఏ వైపుది?" అన్నాడు. మెకానిక్కు వేలితో చూపించాడు. డాక్టరు స్విచ్చి తీసి, పళ్లకు కట్టే తీగలను కత్తిరించే కత్తెరతో ఆ తీగను తెంపి, మళ్లీ స్విచ్చి వేశాడు. హోరు లేదు. ఉన్నట్టుండి గది ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, పంపు నుంచి చుక్కలు పడటం ముగ్గురికీ వినిపించింది.

రికార్డు పెడితే పాట వచ్చింది, దాంతోపాటే ఆ చిటపటలూ వచ్చాయి. మెకానిక్కు మళ్లీ చీటీల పుస్తకం కోసం చెయ్యి చాచాడు. డాక్టరు ఇవ్వలేదు. ప్లాస్టిక్ పిడి ఉన్న అద్దాన్ని తిరగేసి పట్టుకుని, ఆ పిడితో బోర్డు మీది భాగాలను ఒక్కొక్కటే మెల్లగా తట్టడం మొదలుపెట్టాడు. ఏ పన్ను నొప్పో తెలియని రోగికి అలాగే తట్టి చూస్తాడాయన. ఒకటి, రెండు, మూడు... ఏమీ లేదు. ఏడోదాన్ని తట్టగానే స్పీకరు పటపటమంది.

"ఇదీ నొప్పి" అన్నాడు డాక్టరు.

మెకానిక్కు తల ఎత్తి మరీ చూశాడు. తన కొట్లో అతనూ సరిగ్గా ఇదే పని చేస్తాడు, కర్రపుల్లతో. ఆ కిటుకు నేర్పడానికి అతని గురువు రెండేళ్లు తిప్పుకున్నాడు. డాక్టరు ఆ అంటును మళ్లీ కరిగించి, కొత్త సోల్డరు పట్టించి, అలవాటుకొద్దీ గాలి ఊదబోతుంటే మాత్రం మెకానిక్కు చటుక్కున ఆయన మణికట్టు పట్టుకున్నాడు. ఊదితే అంటు వదులవుతుంది, దానంతటదే చల్లారాలి. డాక్టరు ఆగాడు. ఇద్దరూ కలిసి ఆ చుక్క మెరుపు తగ్గేదాకా చూస్తూ ఉండిపోయారు.

తర్వాత గంటసేపు పన్ను పని. మెకానిక్కు కుర్చీ చేతులు పట్టుకుని బిగుసుకుపోయి కూర్చున్నాడు. ఎప్పుడు మొదలుపెడతారా అని ఎదురుచూస్తుండగానే, అయిపోయింది, లేవమని డాక్టరు చెప్పాడు. అతను నాలుకతో తడుముకుని చూసి, నమ్మలేక అద్దం అడిగాడు.

మేడ మీదినుంచి అక్క దిగి వచ్చింది. రికార్డు మొదటినుంచి పెట్టారు. ఆవిడ బెంచీ మీద కూర్చుని కళ్లు మూసుకుంది. పాట సగానికి వచ్చాక కళ్లు తెరిచి, "ఈ పాడే ఆవిడ ఇక్కడ ఊపిరి తీసుకుంటుందే" అంది మెల్లగా. "పెళ్లికి ముందునుంచీ వింటున్నాను. ఈ చోట ఊపిరి తియ్యకుండా పాడటం నాకు రావట్లేదని ఎన్నేళ్లు ఏడ్చానో. నా దగ్గర నేర్చుకునే పిల్లలనీ ఏడిపించాను."

డాక్టరు ఏదో అనబోయి, బావమరిది వైపు చూసి, "మేమిద్దరం కట్టాం" అన్నాడు.

మెకానిక్కు సగం తిమ్మిరెక్కిన నోటితో, ఎర్తు తీగ కట్టే పద్ధతి గురించి మొదటినుంచీ వివరించడం మొదలుపెట్టాడు. ఒక్క ముక్కా అర్థం కాలేదు. అక్క చెయ్యి ఎత్తి ఊరుకోమంది. అతను ఊరుకుని, బుగ్గ పట్టుకుని, బావగారి పక్కన బెంచీ మీద ఒదిగి కూర్చున్నాడు. నర్సు బయటికి వెళ్లి, మొదటి రోగిని ఇంకో పది నిమిషాలు ఆగమని చెప్పి, తలుపు కొద్దిగా తెరిచి ఉంచింది.