తొమ్మిది నిమిషాలు పట్టే కంప్యూటర్

మా కంప్యూటర్ తెరుచుకోవడానికి తొమ్మిది నిమిషాలు పట్టేది. నత్త నయం. పొద్దున్నే బటన్ నొక్కి, అక్కా నేనూ దాని ముందు చెరో కుర్చీలో కూర్చునేవాళ్ళం. ఇద్దరిదీ బడి పుస్తకాల్లో అచ్చుతప్పులు దిద్దే పని. తెర వెలిగాక నోరు విప్పకూడదు, విప్పితే తప్పులు కంటికి ఆనవు. అందుకని అక్క కబుర్లన్నీ ఆ తొమ్మిది నిమిషాల్లోనే. రాత్రి వచ్చిన కల దగ్గర్నుంచి, పై వాటా ఆవిడ కోడలితో పడ్డ గొడవ దాకా. "అబ్బ, ఆపవే నీ సోది!" అని కసురుకునేదాన్ని.

అక్క పోయి ఎనిమిది నెలలైంది. అప్పట్నుంచీ సోది నాది. ఆ తొమ్మిది నిమిషాలూ ఖాళీ కుర్చీకి చెప్పేదాన్ని. పిచ్చి అనుకుంటే అనుకోండి, రోజు మొత్తంలో నేను మనసు విప్పి మాట్లాడేది అప్పుడే.

మొన్నామధ్య పాఠం సగంలో ఉండగా కంప్యూటర్ బిగుసుకుపోయింది. అచ్చాఫీసాయన ఫోన్ చేసి, "ఇంకొక్కసారి ఆలస్యమైతే పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తానమ్మా" అన్నాడు. చచ్చినట్టు మెకానిక్‌ని పిలిచాను.

"దీన్ని పారేసి కొత్తది కొనండి ఆంటీ" అన్నాడు వస్తూనే.

"నీకు నేను ఆంటీని ఎప్పుడయ్యాను? పారెయ్యను. మా అక్క వాడిందది."

"సరే, పెట్టె ఇదే ఉంచి లోపల డిస్కు మారుస్తా. ఫైళ్ళు, తెర మీద బొమ్మ, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి."

కొత్తదా, ఇదేనా అని రెండు రోజులు కొట్టుమిట్టాడాను. చివరికి ఇదే అన్నాను. పెట్టె ఉంటే అన్నీ ఉన్నట్టే కదా అనుకున్నాను. ఏం తెలివండీ నాది!

దుకాణానికి పట్టుకెళ్ళి, సాయంత్రం తెచ్చి బిగించి వెళ్ళాడు. మర్నాడు పొద్దున బటన్ నొక్కి కూర్చున్నాను. గట్టి కబురే ఉంది. పై వాటా కోడలు పెట్టే బేడా సర్దుకుని వెళ్ళిపోయింది. అక్క వింటే ఎగిరి గంతేసేది.

"అక్కా, విన్నావా, పై వాటా..." అన్నానో లేదో, తెర వెలిగింది. అలవాటు కొద్దీ నోరు మూసేశాను.

ఆపేసి మళ్ళీ నొక్కాను. "అక్కా, పై వాటా కోడలు..." మళ్ళీ వెలిగింది. మూడోసారీ అంతే, దిక్కుమాలినది. ఏడుపొచ్చింది నాకు.

మెకానిక్‌కి ఫోన్ చేశాను. "పాత డిస్కు ఉందా?"

"ఉంది ఆంటీ. ఏం, ఫైళ్ళేమైనా పోయాయా?"

"అన్నీ ఉన్నాయి."

"మరి? స్పీడు చాల్లేదా?"

ఏమని చెప్పను? పాత డిస్కు పెట్టిస్తే పని పోతుంది. మధ్యాహ్నంలోగా మూడు పాఠాలు పంపాలి. ఫోన్ పెట్టేద్దామనుకున్నాను.

"పై వాటా కోడలు వెళ్ళిపోయింది బాబూ" అన్నాను.

"ఎవరాంటీ?" అన్నాడు. ఇంతలో దుకాణానికి ఎవరో వచ్చినట్టున్నారు. "ఒక్క నిమిషమండీ" అని వాళ్ళతో అనడం వినిపించింది.

ఒక్క నిమిషంలో అయ్యే కబురు కాదది. అయినా గబగబా చెప్పడం మొదలుపెట్టాను.