'లేరు' అని రాసిన గడి

చెల్లెలికి గుండె ఆపరేషన్ అని పాత పొరుగావిడ ఫోన్ చేసి చెప్పిన రోజు, అక్క ఒక జాకెట్టుకి కుడి చెయ్యి ఎడమకీ, ఎడమ చెయ్యి కుడికీ కుట్టేసింది. ముప్పై ఏళ్ళ కుట్టుపనిలో అలాంటి తప్పు అదే మొదలు.

పన్నెండేళ్ళ కింద అమ్మ పోయినప్పుడు చెల్లెలు పరాయి దేశం నుంచి రెండు రోజులు ఆలస్యంగా దిగింది. విమానంలో చోటు దొరక్కపోతే పాపం అది మాత్రం ఏం చేస్తుంది? ఈ ముక్క అక్కకి ఇప్పుడు తోస్తోంది. అప్పుడు మాత్రం నలుగురి ముందూ "నాకు చెల్లెలే లేదు" అనేసింది. అన్నాక దిగివచ్చే రకం కాదాయె! మూడేళ్ళ కింద చెల్లెలి నుంచి లావుపాటి కవరొస్తే, విప్పకుండానే మిషను సొరుగులో దారపుండల కింద పడేసింది.

ఇప్పుడు ఆవిడకి కావలసింది ఒక్కటే, ఆపరేషన్ లోపు చెల్లెలి పక్కన కాసేపు కూర్చోవడం. పర్యాటక వీసా చాలన్నారు. ఫారాలు నింపే ఆయన ముక్కు కొసన కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో గడీ చదువుతూ, అక్కడ బంధువులెవరైనా ఉన్నారా అని అడిగాడు. ఉంటే వాళ్ళ చేత ఉత్తరం రాయించుకోవాలట. అంటే తనే ముందు మాట్లాడాలి. చెప్పా పెట్టకుండా వెళ్ళి తలుపు తడితే ఆ బాధ ఉండదనుకుంది. అడగడానికి నామోషీ, తలుపు తట్టడానికి మాత్రం కాదట. ఇదేం పంతమో ఆవిడకే తెలియాలి. "లేరు" అంది. ఆయన రాశాడు, ఆవిడ సంతకం చేసింది.

వీసా ఆఫీసులో అద్దం అవతల కూర్చున్న అమ్మాయి ఎందుకు వెళ్తున్నారని అడిగితే, ఊళ్ళు చూడటానికని బట్టీపట్టిన జవాబే చెప్పింది. ఆ అమ్మాయి కంప్యూటరు వైపు కాసేపు చూసింది.

"మూడేళ్ళ కింద మిమ్మల్ని రమ్మని ఒకావిడ మాకు కాగితాలు పంపారమ్మా. వరస దగ్గర 'అక్క' అని రాశారు. ఆవిడ ఎవరు మీకు?"

"మా చెల్లెలండీ" అంది అక్క.

"మరి లేరని సంతకం పెట్టారు కదమ్మా."

ఆ అమ్మాయి కసురుకోనైనా లేదు. ఫారంలో అబద్ధం రాస్తే వీసా ఇవ్వడం కుదరదనీ, ఆర్నెల్ల తర్వాత మళ్ళీ పెట్టుకోవచ్చనీ నిదానంగా చెప్పింది. ఆపరేషన్‌కి ఇంకా తొమ్మిది రోజులే ఉంది.

ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా సొరుగు లాగి ఆ కవరు చింపింది. అన్నీ నింపిన కాగితాలే. పైన చిన్న చీటీ: 'అక్కా, నువ్వు సంతకం పెడితే చాలు. మిగతాదంతా నేను చేసేశాను.' కింద ఫోన్ నంబరు. ఎంత పాపిష్టిదాన్నని ఏడ్చింది. ఏడ్చి, ఆ నంబరుకి ఫోన్ చేసింది. ఏ గడిలో ఏం రాసిందో దాచకుండా చెప్పింది.

"ఆసుపత్రిలోనూ ఫారం ఇచ్చారక్కా" అంది చెల్లెలు. "నాకేమన్నా అయితే ఎవరికి చెప్పాలీ అని. నీ పేరే రాశాను. ఫోన్ ఎత్తుతావో ఎత్తవో అనుకున్నాను."

"ఎత్తుతానే" అంది అక్క. "రాలేనే తల్లీ, ఎత్తుతానే."